వాకిట్లో బిందె నీళ్లు

మా వంటల జట్టులో మునిశేఖర్‌ది పొయ్యిల పని. కట్టెలు పేర్చడం, ఊదుగొట్టంతో మంట లేపడం, ఉడికిన గుండిగలు దించడం. మాట్లాడమంటే మాత్రం ముష్టి వేసినట్టు ఒక్కో మాటా వేస్తాడు. నేను మిఠాయిలు చేసేవాణ్ణి, నాకు నోరు ఊరుకోదు. ఇద్దరిదీ ఐరాల ఊరే కాబట్టి ఎక్కడికి వంటకు పోయినా పక్కపక్కనే పడుకుంటాం. నా గోలంతా ఆయన వినాల్సిందే.

ఈ పనిలోకి రాకముందు నుంచీ ఆయనకు ఇంకో పని ఉంది. మా చుట్టుపక్కల ఏ బావిలో మనిషి పడినా ఫోను వచ్చేది మునిశేఖర్‌కే. వయసులో ఉన్నప్పుడు బావుల్లో పడిన బిందెలు, మోటార్లు తీసేవాడు. ఊపిరి బిగబట్టి మునిగాడంటే, ఒడ్డున ఉన్నవాళ్లకు భయం వేసేదాకా పైకి వచ్చేవాడు కాదు. అంత దమ్ముందని తెలిశాక మనుషుల్ని తీయడానికీ పిలవడం మొదలుపెట్టారు. బావి అడుగున అంతా చీకటి, కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. చేతులతో తడుముకుంటూ వెతకాలి. జుట్టో, చీర కొంగో చేతికి తగిలితే పని అయినట్టు.

అట్లా వెళ్లి వచ్చిన రోజున భార్య నాగులమ్మ ఆయన్ను వాకిట్లోనే ఆపుతుంది. పసుపు కలిపిన బిందె నీళ్లు సిద్ధంగా పెట్టుకుని, "ఎవురు?" అని అడుగుతుంది. బావిలో పోయినవాళ్ల పేరు ఆయన చెబుతాడు. ఆమె నిట్టూర్చి నెత్తిన నీళ్లు కుమ్మరిస్తుంది. తడిబట్టలు బయటే వదిలి, అప్పుడు గడప దాటాలి. చావు తాకిన ఒళ్లు కదా, ఎవరింట్లోనైనా అంతే.

"అలిసిపోయినానబ్బా," అన్నాడు ఒకసారి నాతో, అడక్కుండానే. "ఒక్కసారన్నా ఎవుర్నీ ఎతక్కుండా నీళ్లల్లో దిగల్ల. దిగి, నేరుగా ఇంట్లోకి పోవల్ల."

ఫోను తీయకుంటే సరిపోతుంది కదా అన్నాను.

"ఆడ బాయి గట్టున తల్లి కూర్చోని ఉంటాదే," అన్నాడు.

పోయిన ఏడాది తిరుపతిలో ఒక పెద్దింటివాళ్లు తమ పిల్ల పెళ్లిని కరీబియన్ సముద్రంలో ఏదో దీవి మీద పెట్టుకున్నారు. తిరుపతిలో కల్యాణ మండపాలకు కరువొచ్చినట్టు! పైగా కట్టెల పొయ్యి మీద వండిన భోజనమే కావాలట. మా మేస్త్రీ ధనశేఖర్ జట్టంతటినీ విమానం ఎక్కించాడు. పెళ్లి అయ్యేసరికి మా నడుములు విరిగాయి. ఆఖరి రోజు పెళ్లివారు సంతోషపడి, మమ్మల్ని స్కూబా డైవింగ్‌కు పంపుతామన్నారు. వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, సముద్రం అడుగున తిరిగి రావడం. నాకు మోకాళ్ల నొప్పులున్నాయి, కాస్త బుద్ధి కూడా ఉంది, రానన్నాను. మునిశేఖర్ మాత్రం ఎవరూ పిలవకముందే లేచాడు.

నేర్పించే అమ్మాయి ఆ దీవి పిల్లే. ముందు నడుం లోతు నీళ్లలో సాధన చేయించింది. మిగతావాళ్లు మునిగిన చోట బుడగలు లేస్తున్నాయి. మునిశేఖర్ మునిగిన చోట ఒక్కటీ లేదు. ఆ పిల్ల కంగారుగా ఆయన్ను పైకి లాగి ఏదో చెప్పింది.

"ఊపిరి ఆపగూడదంటప్పా," అని ధనశేఖర్ మన మాటల్లో చెప్పాడు. "పీలుస్తా వదులుతా ఉండల్ల. లోతులో బిగబట్టి పైకొస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయంట."

తల ఊపి మునిగాడు. మళ్లీ బుడగల్లేవు. మూడోసారీ అంతే. నీళ్లు ముఖానికి తగిలితే చాలు, ఆ ఒళ్లు దానంతట అదే బిగుసుకుంటుంది. జీవితమంతా అట్లా బిగబట్టుకుని బతికినవాణ్ణి ఇప్పుడు హాయిగా గాలి పీల్చుకోమంటే ఎట్లా? ఇంకొక్కసారి చూస్తాను, రాకపోతే ఒడ్డునే కూర్చోమని ఆ పిల్ల ఒక వేలు చూపించింది.

ఆయన ముఖం చిన్నబుచ్చుకుని నావైపు చూశాడు. "నాతో కాదులేబ్బా," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ బావుల మీద.

"ఏంది కాదు? దినామూ ఊదుగొట్టంతో పొయ్యి ఊదేది ఎవురు? అదీ ఊదుగొట్టమే అనుకో! మంట ఆరిపోతా ఉండాది, ఊదప్పా!" అని ఒడ్డు మీద నుంచి అరిచాను.

మునిగాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గుప్పున బుడగలు లేచాయి. ఆగి, మళ్లీ లేచాయి. ఊదాలంటే పీల్చుకోక తప్పదు కదా.

తర్వాత పడవలో లోపలికి పోయారు. నేనూ పోయి పడవలోనే కూర్చున్నాను. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున ఇసుక కనిపిస్తోంది. రంగురంగుల చేపలు అడుగుకు దిగిన మునిశేఖర్ పక్కనే తిరుగుతుంటే ఆయన వాటివైపు చూడనే లేదు. ఇసుక మీద బోర్లా పడి ప్రతి రాయి పక్కనా చేతులతో తడుముతున్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అక్కడ ఎవరూ లేరప్పా అని పైనుంచి ఎట్లా చెప్పేది? రాళ్లు ముట్టుకోకూడదనేమో, ఆ పిల్ల వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుని ఎదపైన కట్టించింది. చేతులు కట్టుకుని ఆయన అట్లాగే ఉండిపోయాడు. మెల్లగా తల ఒకవైపు తిప్పాడు, తర్వాత ఇంకోవైపు. బుడగలు మాత్రం పైకి వస్తూనే ఉన్నాయి.

పైకి వచ్చాక ఎట్లుందని అడిగితే, "ఎలుతురుండాది," అన్నాడు. అంతే, ముష్టి.

ఐరాల చేరేసరికి మధ్యాహ్నమైంది. మునిశేఖర్ సముద్రం అడుగుదాకా పోయి వచ్చాడని నేను ఫోన్లో కోసిన కోతలు మా ఆవిడ ద్వారా నాగులమ్మకు చేరిపోయాయి. నీళ్లలోకి దిగాడంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. వాకిట్లో పసుపు నీళ్ల బిందె పెట్టుకుని నిలబడి ఉంది. మునిశేఖర్ కూడా అలవాటుగా గడప ఇవతలే ఆగి, సంచి కింద పెట్టాడు.

"ఎవురు?" అంది.

"ఎవురూ లేరు మే," అన్నాడు. "అంతా ఎతికి సూసినా. లోపల ఎవురూ లేరు."

నాగులమ్మ వంగి బిందెను పక్కకు జరిపింది.

"మరి ఆడ నిలబడుకున్యావేంది? లోపలికి రా, అన్నం సల్లారిపోతాది."

సంచి అక్కడే మరిచిపోయి, తలైనా తడవకుండా, మునిశేఖర్ గడప దాటాడు.