ఇరవై నాలుగు గజాల రిట్టు

పొద్దున మా శాలిబండ గల్లీలో ఎవరో స్టీలు టేపు సాగదీసి వదిలేశారు. అది సర్రున వెనక్కి పోయి డబ్బీలో టక్కుమంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ పోయినవాటిని లెక్కపెట్టుకుంటాను. పదకొండేళ్ళ క్రితం రోడ్డు వెడల్పు చేసినప్పుడు మాకు పోయినవి రెండు షట్టర్లు, గిరాకీలు కూర్చునే అరుగు, ఒక కుళాయి, మా నాన్న చేత్తో రాసిన దుకాణం బోర్డు, పద్దెనిమిది అడుగుల వెడల్పూ పన్నెండు అడుగుల లోతూ ఉన్న ముందు గది. గది మొత్తం ఇరవై నాలుగు చదరపు గజాలు. ఇవన్నీ మేము ఒప్పుకొని, సంతకం పెట్టి, పరిహారం తీసుకొని ఇచ్చినవి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఒప్పుకోకుండా పోయినవి నాలుగు మెట్లు. ఆ నాలుగు మెట్ల వల్లే నాకు ఎస్తేరు మేడం పరిచయమయ్యారు.

నేను ట్రంకు పెట్టెలు చేస్తాను. ఏడో తరగతితో చదువు ఆగింది. రేకు వృథా కాకుండా కోయాలంటే కొలతలు రావాలి కనుక లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ముందు గది కూల్చిన వారం తర్వాత, ఒక శుక్రవారం కూలీలు మళ్ళీ వచ్చి ఇంకా లోపలికి, పద్నాలుగు అడుగుల నాలుగు అంగుళాల దగ్గర గీత గీశారు. పన్నెండు అడుగులకూ ఆ గీతకూ మధ్య ఉన్నది మా మెట్ల వరుస, పదిహేడు మెట్లు. మేముండేది పైన. ఇంకో దారి లేదు. కింది నాలుగు మెట్లు పగలగొట్టి, మిగతావి సోమవారం చూస్తామని వెళ్ళిపోయారు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నిచ్చెన దిగలేక పైనే ఉండిపోయింది.

వెనక గల్లీలో ఉండే రిటైర్డ్ బస్సు కండక్టరు గారి అమ్మాయే ఎస్తేరు మేడం. అఫ్జల్‌గంజ్‌లో ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్. ప్రభుత్వం మీద వేసే రిట్ పిటిషన్లు ఆవిడ పని. నాకంటే పదేళ్ళు చిన్న. ఆ సాయంత్రమే పోయి నాలుగు పేజీల లెక్క ఆవిడ ముందు పెట్టాను. ఇటుకలెన్ని, సిమెంటెంత, మేస్త్రీ కూలి ఎంత, అన్నీ రాశాను. ఆవిడ ఓపికగా చదివి కాగితాలు బోర్లించారు.

“లెక్క మంచిగుంది అన్నా. గని మిమ్మల్ని అడిగిర్రా?”

“ఏమడుగుడు మేడం?”

“మెట్లు తీస్తం, మీరేమంటరు అని. కాయిదం గిట్ల ఇచ్చిర్రా?”

“ఏ కాయిదం లేదు. వచ్చిర్రు, కొట్టిర్రు.”

“గదే మన కేసు. ఎంత పోయిందన్నది తర్వాత. అడగకుంట పోయింది, అది ముందు.”

అన్నేళ్ళుగా లెక్కలు రాస్తున్నా, ‘అడిగారా’ అనే ఒక గడి ఉంటుందని నాకు తోచలేదు.

తర్వాత ఆవిడ నేను సంతకం పెట్టిన ఒప్పందాన్నీ, కూలీల మేస్త్రీ వదిలేసి పోయిన కొలతల చీటీనీ పక్కపక్కన పెట్టి చూశారు. ముఖం చిన్నబోయింది. “రెండిట్ల ఇరవై నాలుగే ఉంది అన్నా. మరి ఎక్కువ ఎట్ల తీసుకున్నట్టు?”

చీటీ చేతిలోకి తీసుకున్నాను. ఒప్పందంలో ‘24 గజాలు’ అని ఉంది. చీటీలో ‘24 చ.’ అని మాత్రమే ఉంది. చదరపు ఏమిటో రాయలేదు. మా వైపు గజం అంటే చదరపు గజమే, ఎవరూ విడమరిచి చెప్పరు. ఆ చీటీ పట్టుకొని రెండోసారి వచ్చిన వాళ్ళు చదరపు మీటర్లు అనుకున్నారు. ఇరవై నాలుగు చదరపు మీటర్లంటే రెండువందల యాభై ఎనిమిది చదరపు అడుగులు. పద్దెనిమిదితో భాగిస్తే పద్నాలుగు అడుగుల నాలుగు అంగుళాలు. సరిగ్గా వాళ్ళు గీసిన గీత.

“మళ్ళ చెప్పన్నా, మెల్లగ. నేను లెక్కల్ల ఫెయిలయిన దాన్ని. జడ్జి సాబ్ గూడ నా లెక్కనే ఉంటే ఎట్ల?” అని మూడుసార్లు చెప్పించుకున్నారు.

అఫిడవిట్ ఇంగ్లీషులో రాసి, ప్రతి వాక్యం తెలుగులో నాకు చదివి వినిపించారు. నాకు సోమవారం భయం పట్టుకొని ఉంది. “మొత్తం పదిహేడు మెట్లు పోయినయని రాస్తే జల్ది స్టే వస్తది గద మేడం” అన్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టేశారు.

“లెక్కల మనిషివి, నువ్వే గిట్లంటవా? నాలుగంటే నాలుగే. ఒక్క మెట్టు ఎక్కువ రాస్తే, నిజంగ పోయిన నాలుగు గూడ అబద్ధమైతయి.”

సిగ్గుతో తల వంచుకొని సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున్నే హైకోర్టులో మా కేసు పిలిచేసరికి పెద్ద వకీలు ఇంకో హాల్లో ఇరుక్కుపోయారు. వాయిదా అడగమని ఆవిడకు కబురు పంపారు. వాయిదా అంటే మెట్లు పోయినట్టే. ఆవిడ లేచి నిలబడ్డారు. కానీ వాయిదా అడగలేదు, వాదించారు. ఆ ఇంగ్లీషులో నాకు తెలిసింది ‘ట్వెంటీ ఫోర్’ ఒక్కటే. అది ఏడుసార్లు విన్నాను. ప్రభుత్వ వకీలు చీటీ తీసుకొని చదువుతూ ‘చ.’ దగ్గర ఆగిపోయారు. జడ్జి గారు నవ్వారు. యజమాని మాట విని, అందరి ఎదుట కొలిచేదాకా మెట్లు ముట్టొద్దని ఆర్డరిచ్చారు. బయటికి వచ్చాక మేడం వరండా గోడకు ఆనుకొని, “అన్నా, ఒక చాయ్ తాపియ్” అన్నారు.

కొలత రోజు టేపు ఒక కొస అధికారి పట్టుకున్నారు, ఇంకో కొస నేను. పన్నెండు అడుగుల దగ్గర ఇద్దరం ఆగాం. తప్పు ఒప్పుకొని, నాలుగు మెట్లూ కట్టించి ఇస్తామని రాసిచ్చారు. ఏడున్నర అంగుళాల మెట్లు నాలుగు ఉండాల్సిన చోట కాంట్రాక్టరు పది అంగుళాలవి మూడు కట్టి, నాలుగూ ముట్టినట్టు సంతకం పెట్టమన్నాడు. మేడంకు ఫోన్ చేశాను.

“పైకి పోతున్రా లేదా?” నవ్వు ఆపుకుంటూ అడిగారు.

“పోతున్నం. అమ్మ తిట్టుకుంట పోతుంది.”

“ఒక్క మెట్టుకు మళ్ళ రిట్ ఎయ్యల్నా?”

“వద్దు మేడం.”

“మరి కాయిదంల ఏం రాస్తవ్?”

“మూడు ముట్టినయని.”

“గంతే అన్నా.”

ఇప్పుడు ఆవిడ వేరే జిల్లాలో జడ్జి. కేసుల మాట ఎత్తకూడదని, ఫోన్ చేసినా కుశలం అడిగి పెట్టేస్తాను. గల్లీలో ఎవరికి నోటీసు వచ్చినా నా దగ్గరికే తెస్తారు. ఎంత పోతుందని వాళ్ళు మొదలుపెడితే, మిమ్మల్ని అడిగారా అని నేను మొదలుపెడతాను. అమ్మ కోసం మొదటి మెట్టు ముందు రేకుతో ఒక పీట చేసి పెట్టాను. దాన్ని మెట్ల లెక్కలో వేయలేదు. రోడ్డు వెడల్పు చేసిన కార్యాలయం నాకు ఇవ్వాల్సింది ఇప్పటికీ ఒకటి.