ఎవడయ్యా మేస్త్రి, ఆరు స్క్రూలు

పడవల షెడ్డులో ఆయన అసలు పేరు తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురికి మించి ఉండరు. ఏ పడవ మరమ్మతుకి వచ్చినా ఆయన దాని చుట్టూ ఒకసారి తిరుగుతాడు. బిగుసుకుపోయిన బోల్టు ఏదో ఒకటి పట్టుకుని ఊపి చూస్తాడు. ఆ తర్వాత ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఎవడయ్యా ఇది బిగించింది?" ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. ఇంతవరకు ఒక్కడూ జవాబు చెప్పిన పాపాన పోలేదు. అందుకని షెడ్డు వాళ్లంతా కలిసి ఎవడయ్యా మేస్త్రి అని పేరు పెట్టేశారు. మొదట్లో ఆ పేరు వింటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇప్పుడు ఫోనెత్తి తనే "ఎవడయ్యా మేస్త్రిని మాట్లాడుతున్నా" అంటున్నాడు.

మనిషికి ముక్కు మీద కోపమే గానీ, పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ఆయన బిగించిన ప్రతి స్క్రూకీ పసుపచ్చ పేస్టు పూసి ఉంటుంది. ఉక్కు స్క్రూని అల్యూమినియంలోకి ఉత్తినే బిగిస్తే, ఉప్పుగాలికి ఆ రెండూ కలహించుకుని, తెల్లటి పొడి కక్కి, చివరికి ఒకటే ముద్దై కూర్చుంటాయి. మధ్యలో పేస్టు ఉంటే ఆ గొడవ ఉండదు. ఈ ముక్క ఆయన చెప్పని మనిషి లేడు. పన్ను పీకించుకోడానికి వెళ్లి, నోరు తిమ్మిరెక్కేలోపు డాక్టరుకి కూడా చెప్పి వచ్చాడు.

ఈసారి వచ్చిన పడవ పరాయివాళ్లది కాదు, కన్నకూతురిది. పిల్లలకి తెరచాప పడవ నడపడం నేర్పుతానని, మాటమాత్రమైనా చెప్పకుండా ఎక్కడి నుంచో ఒక పాత పడవని కొనుక్కొచ్చింది. దాని తెరచాప ఎత్తే పొడవాటి అల్యూమినియం స్తంభం ఇప్పుడు షెడ్డులో రెండు స్టాండ్ల మీద పడుకుని ఉంది. తెరచాప కింది అంచు కట్టే అడ్డగొట్టాన్ని స్తంభానికి పట్టి ఉంచే ఉక్కు పట్టీ చిట్లింది. దాన్ని విప్పి, అవే బెజ్జాల్లో కొత్తది బిగించాలి. స్తంభాన్ని నిలబెట్టే క్రేను నెలకి ఒక్కసారే వస్తుంది, అది రేపు పొద్దున. పదకొండు మంది పిల్లలు ఎల్లుండి నుంచి నేర్చుకోడానికి వస్తారు. బెజ్జాల దగ్గర లోహం చిరిగిందా, క్రేను వచ్చినా ఒకటే రాకపోయినా ఒకటే, స్తంభం పనికిరాకుండా పోతుంది.

పట్టీకి ఆరు స్క్రూలు. మొదటి మూడూ చెప్పినట్టు విని, పసుపచ్చ పేస్టుతో సహా చక్కగా ఊడి వచ్చాయి. మేస్త్రి మొహం వెలిగింది.

"చూశావా? పని తెలిసినవాడు!" అన్నాడు భార్యతో.

ఆవిడ తెరచాపలు కుడుతుంది. షెడ్డులో ఆ మూల కుట్టుమిషను ఆవిడదే. కూతురి పడవ తాలూకు పాత తెరచాపని ఒళ్లో పరుచుకుని, చిరిగిన అంచు చూసుకుంటోంది.

నాలుగో స్క్రూ దగ్గర మొదలైంది అసలు కథ. నూనె పోశాడు, కదల్లేదు. హీట్ గన్‌తో వేడి పెట్టాడు, కదల్లేదు. నెత్తిన సుత్తితో కొడితే తిరిగే స్క్రూడ్రైవరు పెట్టి మోదాడు. ససేమిరా అంది. దాని చుట్టూ, మిగతా రెండింటి చుట్టూ తెల్లటి పొడి పేరుకుని ఉంది గానీ, పసుపు రంగు మచ్చుకైనా కనబడలేదు.

"ఎవడయ్యా ఇది బిగించింది? మూడింటికి పూసి మూడింటికి ఎగ్గొడతాడా! వీడి చెయ్యి పడిపోయిందా, కళ్లు పోయాయా?"

మధ్యాహ్నానికి నాలుగోది ఊడింది. మూడు దాటాక ఐదోది ఊడింది. ఈలోపు ఆ బిగించినవాణ్ణి తిట్టని తిట్టు లేదు. వాడికి పని నేర్పినవాణ్ణి తిట్టాడు, పనిలో పెట్టుకున్నవాణ్ణి తిట్టాడు, వాడికి పిల్లనిచ్చిన మామగారిని కూడా కలుపుకుని తిట్టాడు. మామగారి దాకా వచ్చేసరికి భార్య మిషను ఒక్క క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

ఆరోది ఆయనకి చుక్కలు చూపించింది. నాలుగు దెబ్బలకి తల అరిగి నున్నగా అయిపోయింది. స్క్రూడ్రైవరు పెడితే జారిపోతోంది. చెమట కళ్లలోకి కారుతోంది, భుజం పీకేస్తోంది. మేస్త్రి స్క్రూడ్రైవరుని నేలకేసి కొట్టాడు.

"ఇంక నావల్ల కాదు! డ్రిల్లు పెట్టి తొలిచేస్తా. ఏమైతే అదవుతుంది."

ఏమవుతుందో ఆయనకి తెలుసు. గట్టి ఉక్కు మీద నుంచి డ్రిల్లు పక్కకి జారి, మెత్తటి అల్యూమినియాన్ని తినేస్తుంది. తెలిసే ప్లగ్గు పెట్టాడు.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి," అంది భార్య.

"ఇప్పుడా!"

"ఇప్పుడే."

విసుక్కుంటూ వెళ్లాడు. ఆవిడ తెరచాప మూల తిప్పి చూపించింది. అక్కడ అడ్డంగా మూడు వరసలు, నిలువుగా ఒక వరస, చేత్తో వేసిన గట్టి కుట్టు.

"ఇది నా కుట్టు. మూలకి ఇలా వేసేది ఈ షెడ్డులో నేనొక్కదాన్నే. నెలలు నిండిన కడుపుతో కుట్టాను, మిషను ముందు కూర్చోడానికి పొట్ట అడ్డొచ్చి చేత్తో కుట్టాను. ఈ పడవకి రంగులు మారాయి, పేరు మారింది. కుట్టు మారలేదు."

"అయితే?"

"అప్పుడు దీని స్తంభం పని చేస్తున్నది ఎవరు?"

మేస్త్రి వెనక్కి తిరిగి స్తంభం వైపు చూశాడు.

"నొప్పులొస్తున్నాయని ఆస్పత్రి నుంచి ఫోనొస్తే, డబ్బా మూత కూడా పెట్టకుండా పరుగెత్తుకొచ్చారు. పిల్లని ఎత్తుకుంటే దాని తెల్ల గుడ్డ మీద ఐదు వేళ్లూ పసుపచ్చగా పడ్డాయి. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. మర్నాడు వెళ్లి, మిగతా మూడూ బెజ్జాల్లో పెట్టి ఉన్నవి చూసి, పేస్టు పూసేశాననే అనుకుని బిగించేసి ఉంటారు."

"పొద్దుట్నుంచీ తెలిసే ఊరుకున్నావా?"

"కుట్టు చూసింది మధ్యాహ్నమే. అయినా మా నాన్నని తిట్టారుగా, ఇంకాసేపు వింటే పోయిందేముందిలే అనుకున్నా." దారం తెంపి ఆయన వైపు చూసింది. "అప్పుడు తొందరపడ్డందుకు నేనేమీ అనలేదు. ఇవాళ తొందరపడితే మాత్రం ఊరుకోను."

మేస్త్రికి సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ల కిందటి తన పనికే, పొద్దుట్నుంచీ ఎవరి మీదో అనుకుంటూ ఎన్ని తిట్లు ధారపోశాడో తలుచుకుంటే నవ్వూ వచ్చింది. వెళ్లి డ్రిల్లు ప్లగ్గు పీకేశాడు. స్టూలు జరుపుకుని కూర్చుని, ఆ నున్నటి తల మీద రంపపు బ్లేడుతో సన్నటి గాడి కోశాడు. వేడి పెట్టాడు, చల్లారనిచ్చాడు, నూనె చుక్క వదిలాడు, చిన్నగా తట్టాడు. మళ్లీ వేడి. బిగించే వైపు వెంట్రుక వాసి, విప్పే వైపు వెంట్రుక వాసి. ఒక్క తిట్టు లేదు. పక్క పడవ వాళ్లు మేస్త్రికి ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి చూసిపోయారు.

పొద్దు వాలుతుండగా స్క్రూ కిర్రుమంది. పావు చుట్టు తిరిగింది. తర్వాత అర చుట్టు. పూర్తిగా బయటికి తీసి, బెజ్జంలోకి దీపం పెట్టి చూశాడు. లోపలి మరచుట్లు చెక్కుచెదరలేదు.

అప్పుడే కూతురు వచ్చింది. బల్ల మీద వరసగా పెట్టిన ఆరు స్క్రూలనీ చూసి, ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పింది.

"మూడింటికి పేస్టు ఉంది, మూడింటికి లేదేంటి? ఎవడు నాన్నా ఇది బిగించింది?"

కుట్టుమిషను ఆగింది.

"నేనేనమ్మా," అన్నాడు మేస్త్రి. "నాలుగోదాని దగ్గర ఉండగా నువ్వొచ్చావు."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి తలూపింది. పిల్ల పేస్టు డబ్బా మూత తీసి, తండ్రి చేతికి అందేలా బల్ల మీద పెట్టింది.

"ఈసారి ఆరింటికీ రాయి నాన్నా. నేను వచ్చేశాగా, తొందరేం లేదు."