గంగులు మావ తెప్పలోంచి వచ్చిన రెక్క

గంగులు మావకి థర్మాకోల్ గురించి తెలిసినంత నాకు ఇంజినీరింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పేలోపే నేను మానేశాననుకోండి. ముప్పై ఏళ్లుగా కళింగపట్నం ఒడ్డు నుంచి తెప్ప మీద వేటకి వెళ్తున్న మనిషి. ఫైబర్ తెప్ప కడుపులో నింపే థర్మాకోల్ దిమ్మెని తనే ఏరుకుంటాడు. మూల విరిచి చూస్తాడు. లోపలి తెల్లటి పూసల్లాంటి గుళ్లు విడివిడిగా రాలితే అవతల పారేస్తాడు. గుళ్లే రెండుగా చీలితే, "ఇది నీళ్లు తాగదురా" అంటాడు.

నేను గ్లైడర్లు చేస్తాను. ఇంజను లేని చిన్న విమానాలు; చేత్తో విసిరితే సముద్రపు గాలి మీద తేలతాయి. వాటి రెక్కకి కూడా అలాంటి గట్టి దిమ్మే కావాలి. ఆమదాలవలస కొట్లన్నీ తిరిగితే దొరికింది టీవీ పెట్టెల్లో వచ్చే రాలుడు సరుకు.

పోయిన వేసవిలో మావ తెప్ప కడుపు విప్పి, కొత్త దిమ్మె తెచ్చాడు. రంపంతో కోస్తే గుళ్లు లేచిపోతాయని, కొలతకి కోసిపెట్టమని నాకిచ్చాడు. నా దగ్గర వెదురు విల్లుకి బిగించిన తీగ ఉంది. బైకు బ్యాటరీ కలిపితే వేడెక్కి, దిమ్మెని జున్నుముక్కలా కోస్తుంది.

కోశాను. నడిమి భాగం నా రెక్కకి ఉంచుకున్నాను. మిగిలిన రెండు పలకల మధ్య టీవీ సరుకు పెట్టి అంటించి ఇచ్చాను. కొన్న సరుకైతే విరిచి చూస్తాడు గానీ, మేనల్లుడి చేతి పనిని చూస్తాడా? పైన ఫైబర్ వేసి, పసుపు రాసి, తెప్పని నీళ్లలోకి దించాడు.

రెక్క బ్రహ్మాండంగా ఎగిరింది. ఇసుకదిబ్బ మీంచి అందరికంటే గట్టిగా అరిచింది మావే. "ఒరే యుగంధర్, గద్దలాగున్నాదిరా!"

వానలు మొదలయ్యేసరికి, మావా ఇంకొకరూ తోస్తే జారే తెప్పకి మరో ఇద్దరి సాయం కావాల్సి వచ్చింది. ఇసుకలో ఈడ్చినప్పుడు పడే సన్న పగుళ్లలోంచి నీరు దిగుతోంది. టీవీ సరుకు తాగుతోంది. అది నాకు తెలుసు. మావకి తెలీదు.

"సేతుల్లో సత్తువ పోనాదే," అన్నాడు బుల్లమ్మత్తతో. "తెప్ప అమ్మీసి ఒడ్డున వలలు బాగుసేసుకుంటాను."

"మూడు పూటలా తింతన్నావు, సత్తువెక్కడికి పోతాది?" అంది అత్త.

మావ నవ్వలేదు. అరచేతులు చూసుకున్నాడు. నేను పక్కనే కూర్చుని అత్త వండిన చేపల పులుసు తింటున్నాను. ముద్ద దిగలేదని రాస్తే అబద్ధం. దిగింది. మళ్లీ వేయించుకున్నాను కూడా. నాకు అన్నిటికంటే సిగ్గు అదే.

తెప్ప కొనడానికి తిరుమలరావు అనే ఆయన వస్తానన్న రోజు పొద్దున్నే రెక్క పట్టుకుని ఒడ్డుకి వెళ్లాను. నేను నోరు మూసుకుంటే ఆ తెప్ప ఇంకో మనిషిని సముద్రంలోకి మోసుకుపోతుంది.

"మావా, తెప్ప లోపల చెత్త సరుకుంది. నేనే పెట్టాను. నీ మంచి ముక్క ఇదిగో."

మావ రెక్క చివర విరిచాడు. గుళ్లు రెండుగా చీలాయి.

"అంటే నా సేతులు బాగానే ఉన్నాయేట్రా?"

"బాగానే ఉన్నాయి మావా."

ఆ చేత్తోనే చెంప మీద ఒక్కటిచ్చాడు. తర్వాత తెప్ప పక్కన చతికిలబడ్డాడు.

"తిరుమలరావుని రావద్దని సెప్పు. సెప్పీసి నా రంపం తే. ఈసారి దిమ్మె నానే కోసుకుంటాను."

"రంపమెందుకు మావా, గుళ్లు లేచిపోతాయి. నా తీగ తెస్తాను."

"లేసిపోనీ," అన్నాడు. "రంపం తే."