కరుణక్క తయారు చేసిన శత్రువు

నిన్న పొద్దున కర్నూలులో బస్సు దిగి, టిఫిను తిందామని బస్టాండు పక్కనున్న చిన్న హోటల్లోకి వెళ్లాను. మూకుట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి. ఆ ఘాటుకు దగ్గొచ్చింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బొరుగులతో చేసిన ఉగ్గాని మీద చల్లిన పుట్నాల పొడి వాసన కూడా అందులో కలిసింది. పక్క బల్ల దగ్గర ఇద్దరు కాలేజీ పిల్లలు ఒకే ఫోనులో తలలు పెట్టి ఏదో ఆట ఆడుతున్నారు. వాళ్లలో ఒకడు విసుగ్గా ఫోనును బోర్లించి, "ఇది మోసం చేస్తాండాది రా" అన్నాడు. అతను ఆడుతున్నది ఏ ఆటో నేను చూడలేదు. కానీ ఆ ఘాటూ ఆ మాటా కలిసి నన్ను ఇదే ఊళ్లో, ఒక విత్తనాల అంగడి పైనున్న గదిలోకి తీసుకుపోయాయి. రోజూ ఉగ్గాని పొట్లం విప్పుకుని తింటూ, ఒక శత్రువును తయారు చేసే పనిలో మునిగిపోయే మనిషి ఆ గదిలో ఉండేది. ఆమె పేరు కరుణ. మాకందరికీ కరుణక్క.

కరుణక్క నా మొదటి యజమాని. ఆత్మకూరు దగ్గర పల్లెలో, కొద్దిపాటి మెట్ట పొలం ఉన్న క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. అది మానేసి, నలుగురు కుర్రవాళ్లను పోగేసుకుని కంప్యూటర్ ఆట తయారు చేయడం మొదలుపెట్టింది. చర్చిలో కనబడిన బంధువులు, మళ్లీ ఉద్యోగం ఎప్పుడు చూసుకుంటావని అడిగేవాళ్లట. ఇదే ఉద్యోగం అని చెప్పి పాటల పుస్తకం తెరిచేదట. మా ఆట అంతరిక్షంలో సామ్రాజ్యాలు కట్టే ఆట. ఆడేవారికి మొదట ఒక్క గ్రహమే ఉంటుంది. నౌకలు కట్టుకుని, చుట్టూ ఉన్న నక్షత్రాలను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోవాలి. మిగతా సామ్రాజ్యాలను కంప్యూటరు నడుపుతుంది. మన నౌకలు చేరని చోటంతా చీకటిగా ఉంటుంది. ఆ కంప్యూటరు శత్రువు ఎప్పుడు స్నేహం చేయాలి, ఎప్పుడు మీదికి రావాలి, ఎప్పుడు వెనక్కి తగ్గాలి అన్నది రాయడమే కరుణక్క పని.

నేను కడప పిల్లను. ఇంజనీరింగు అయిపోయి, ఉద్యోగం కోసం ఆమె దగ్గరకు వెళ్తే ప్రశ్నలేవీ అడగలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఆడమంది. చదువుకునే రోజుల్లో ఇలాంటి ఆటలు చాలా ఆడినదాన్ని కనుక ధీమాగానే కూర్చున్నాను. నౌకలన్నీ కూడగట్టి తూర్పునున్న ఎర్ర సామ్రాజ్యం మీదికి పంపాను. గెలుస్తున్నానని సంబరపడుతున్నంతలో, అప్పటిదాకా నాతో సంధిలో ఉన్న పచ్చ సామ్రాజ్యం పడమటి నుంచి వచ్చి నా గ్రహాలన్నీ తీసేసుకుంది. ఎందుకు ఓడిపోయావని కరుణక్క అడిగింది. పచ్చవాడు నామీద పగబట్టి నమ్మకద్రోహం చేశాడని ఉక్రోషంగా చెప్పాను.

"వానికి పగా ల్యాదు, స్నేహమూ ల్యాదు" అంది. "నీ మొగమే వాడు చూడల్యా. పడమటి హద్దులో నీ నౌక ఒక్కటన్నా ఉండాదా అని చూసినాడు. ల్యాదు. వచ్చినాడు."

ఇంకోసారి ఆడవచ్చా అని అడిగాను. రేపటి నుంచి పనిలోకి రమ్మంది.

ఆ శత్రువు బుద్ధి ఆమెకు ఏ పుస్తకంలో దొరికిందో చాలా రోజులు అంతుబట్టలేదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి అందరం మిద్దె మీద నీడలో కూర్చున్నప్పుడు తనే చెప్పింది. వాళ్ల చేను పక్కన ఒక పెద్ద రైతు పొలం ఉండేదట. ఏటా దుక్కి దున్నేటప్పుడు ఆయన మడక, అంటే నాగలి, వీళ్ల చేలోకి కొంచెం కొంచెం జరిగేది. ఆయన పొలానికి ఇంకో వైపు మరో మోతుబరి చేను ఉన్నా, ఆ గట్టు మీద కాపలా మనిషి ఉండేవాడు కనుక అటు మాత్రం జరిగేది కాదు. కరుణక్క నాన్న తగువుకు పోలేదు. మరుసటి ఏడు దున్నకాలు మొదలయ్యే సరికి భార్యాపిల్లలతో సహా వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు. అమ్మ అక్కడే సంగటి పెట్టేది. కరుణక్క అక్కడే బడి లెక్కలు చేసుకునేది. ఆ ఏడు మడక గట్టు దాటలేదు.

"ఆ పెద్దాయనకు మామీద కోపమేం ల్యాదు" అంది కరుణక్క. "పండగొస్తే మాకు బెల్లం పంపేవాడు. గట్టు మీద మనిషి ల్యాకపోతే మడక ఈపక్కకు తిరుగుతాది, అంతే."

అందుకే ఆమె శత్రువు ఎదుటివాడి మొత్తం బలాన్ని లెక్కలోకి తీసుకునేవాడు కాదు. హద్దు మీద ఏముందో అదే చూసేవాడు. అయితే ఒక విషయంలో ఆమె ససేమిరా ఒప్పుకునేది కాదు. ఇలాంటి ఆటల్లో చాలావాటిలో కంప్యూటరుకు దొంగచాటుగా సాయం చేస్తారు. మనకు చీకటిగా కనబడే ఆకాశం దానికి పట్టపగల్లా కనబడుతుంది. కట్టకుండానే దానికి నౌకలు పుట్టుకొస్తాయి. కరుణక్క శత్రువుకు అవేవీ లేవు. ఆడేవారికి ఏ చీకటో వాడికీ అదే చీకటి.

ఆట సగం పైగా తయారయ్యాక బెంగళూరు నుంచి ఒక పెద్ద సంస్థ దాన్ని విడుదల చేస్తామని పిలిచింది. కరుణక్క నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. చలికి చేతులు ముడుచుకోవాల్సిన ఏసీ గదిలో కూర్చోబెట్టారు. మాతో మాట్లాడిన అధికారిదీ తెలుగే, మర్యాదగానే మాట్లాడాడు. ఆట బాగుందన్నాడు. కానీ కంప్యూటరుకు తెలివి చాలదనీ, గట్టి ఆటగాడు నాలుగు రోజుల్లో దాన్ని పట్టేస్తాడనీ అన్నాడు. దానికి ఆకాశమంతా చూపించాలి, అవసరమైనప్పుడు లోపాయికారీగా నౌకలివ్వాలి, ఓడిపోతున్నవాళ్లు డబ్బు కడితే అప్పుడు దాన్ని కాస్త మెత్తబరచాలి. అవీ ఆయన షరతులు. "ఇదంతా ఎవరికి తెలుస్తుంది మేడమ్?" అన్నాడు.

"ఓడిపోయినోనికి తెలుస్తాది" అంది కరుణక్క.

ఆయన నవ్వి, ఆలోచించుకోమన్నాడు. ఆలోచించుకునే వచ్చానని చెప్పి ఆమె లేచింది. తిరుగు బస్సులో నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఒప్పందం మీదే మా అందరి జీతాలు ఆధారపడి ఉన్నాయి. ఆమె కిటికీలోంచి వేరుశనగ చేలు చూస్తూ కూర్చుంది. అనంతపురం దాటాక, "ఆయప్ప ఒక మాట నిజమే చెప్పినాడు" అంది. "మన శత్రువుకు తెలివి చాలదు. పోయినాంక ఆ సంగతి చూద్దాం."

ఆ తర్వాత ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఆమె ఎవరినీ తప్పుపట్టలేదు. విత్తనాల అంగడి పై గది ఖాళీ చేసి, కంప్యూటర్లను ఆమె ఇంటి వసారాలో పెట్టుకున్నాం. చివరికి మేమిద్దరమే మిగిలాం. కడప నుంచి మా అబ్బా, అంటే నాన్న, ఫోను చేసి ఇక చాలు, ఇంటికొచ్చి బ్యాంకు పరీక్షలు రాసుకోమన్నాడు. రానన్నాను. ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. రోజూ సాయంత్రం అమ్మ ఫోనులో మాట్లాడుతుంటే వెనక ఆయన దగ్గు వినబడేది.

ఆ వసారాలోనే మా శత్రువు ఎదిగాడు. నిలబెట్టుకోలేని నక్షత్రాన్ని వదిలి నౌకలను కాపాడుకోవడం నేర్చుకున్నాడు. సంధిని ఎవరు తెంచారో గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నాడు. ఒక పక్క హడావుడి చేసి ఇంకో పక్క నుంచి రావడం కూడా. వాడు ఏదైనా వింతగా చేసినప్పుడు ఎందుకు చేశాడో మాకు తెలియాలి కనుక, ప్రతి అడుగులో వాడి కంటికి ఏం కనబడిందో భద్రపరిచే ఏర్పాటు చేసుకున్నాం. అది మా పని కోసమే, వేరేవాళ్లకు చూపించాలన్న ఆలోచన అప్పటికి లేదు.

కడపలో ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్లు ఉత్సవాలకు పిలిస్తే, ఎవరైనా వచ్చి మా కంప్యూటరును ఓడించి బహుమతి గెలుచుకోవచ్చని కరుణక్క కబురు పంపింది. హాలు నిండింది. వెనక గోడకు ఆనుకుని అబ్బా కూడా నిలబడి ఉన్నాడు. కాలేజీ అంతటిలో మొనగాడని పేరున్న వంశీ అనే విద్యార్థి ఆటకు కూర్చున్నాడు. నిదానంగా, చక్కగా ఆడాడు. సగం ఆకాశం అతనిదే అయింది. అప్పుడు శత్రువు నౌకలు కొన్ని ఉత్తరాన కనబడ్డాయి. వంశీ తన బలమంతా ఉత్తరానికి తరలించాడు. అసలు దండు దక్షిణం నుంచి వచ్చి అతని రాజధాని పట్టుకుంది.

అతను మొహం ఎర్రబడి లేచి నిలబడ్డాడు. "దక్షిణాన నా నౌకలు ల్యావని దానికెట్ల తెలుసు? ఆకాశమంతా చూస్తాండాది. ఇది దొంగాట" అన్నాడు. హాలంతా గోల మొదలైంది. నిర్వాహకుడైన ఒక లెక్చరర్ వచ్చి, బహుమతి ఆ అబ్బాయికే ఇచ్చేసి గొడవ ముగిద్దామని కరుణక్క చెవిలో చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి మైకు తీసుకుంది.

"నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే నాయనా. కూర్చో, చూపిస్తా" అంది.

నావైపు చూసి, శత్రువు కన్ను తెర మీద పెట్టమంది. అంతకుముందు నడిచిన ఆటే మళ్లీ మొదలైంది, ఈసారి శత్రువు వైపు నుంచి. తెర ముప్పాతిక భాగం చీకటి. అక్కడక్కడ మాత్రమే వెలుతురు. వాడి చిన్న నౌక ఒకటి దక్షిణానికి వచ్చి, కాపలా లేని నక్షత్రాన్ని చూసి వెనుదిరిగింది. కాసేపటికి ఇంకొకటి వచ్చింది. అప్పటికీ అక్కడ ఎవరూ లేరు. ఆ నౌకలు వంశీకి కనబడినవే, అతను పట్టించుకోలేదు. తర్వాత ఉత్తరం కనబడింది. అక్కడ హడావుడి చేసిన నౌకల వెనక శత్రువు సొంత గ్రహాలన్నీ ఖాళీగా ఉన్నాయి. కాపలాకు ఒక్క నౌక లేదు. ఉన్నదంతా ఊడ్చి దక్షిణానికి పంపేశాడు.

వంశీ తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, "ఉత్తరానికి పోయినోన్ని ఆడనే నిలబడినా. ఇంకొంచెం ముందుకు పోయింటే గెలిచేవాన్ని" అన్నాడు.

"గెలిచేవానివే. వాడు భయపడతానే వచ్చినాడు" అంది కరుణక్క. "మళ్లా ఆడతావా?"

ఆడాడు. రెండోసారి అతనే గెలిచాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కరుణక్కే. హాలు బయట అబ్బా నా చేతిలోని సంచి అందుకున్నాడు. ఆమె కర్నూలుకు ఎప్పుడు పోతుందని అడిగి, నువ్వు కూడా ఆమెతోనే పో అన్నాడు. అన్ని నెలల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

ఆ శత్రువు కన్నును ఆటలోనే పెట్టి, సొంతంగా విడుదల చేశాం. ఆట ముగిశాక ఎవరైనా సరే వాడి వైపు నుంచి అంతా చూసుకోవచ్చు. పేరు మోగిపోలేదు కానీ, మా కాళ్ల మీద మేం నిలబడ్డాం. మళ్లీ ఒక గది తీసుకున్నాం, మళ్లీ మనుషులు వచ్చారు.

కరుణక్కకు గుండె జబ్బు బయటపడింది ఆ రోజుల్లోనే. ఆసుపత్రి మంచం మీద కూడా శత్రువు గురించే మాట్లాడేది. ఓటమి ఖాయమైపోయాక కంప్యూటరు ఏం చేయాలన్నది అప్పటికి తేలలేదు. కొన్ని ఆటల్లో అది లొంగిపోతుంది, కొన్నింటిలో పిచ్చిపట్టినట్టు నౌకలను ఎటంటే అటు పంపుతుంది. లొంగిపోతే ఆడేవారికి సమయం కలిసొస్తుందని నేను వాదించాను. ఆమె కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకుని నేను లేవబోయాను.

"ఓడిపోతాడని వానికీ తెలుసు. సరే" అంది. "ఎట్ల ఓడిపోవల్లో మాత్రం వాని ఇష్టం."

ఆ పని ఆమె చేతుల్లో పూర్తి కాలేదు. వాళ్ల ఊరి చర్చి వెనక ఆమెను మట్టి చేసి వచ్చాక, నేను కూర్చుని పూర్తి చేశాను. ఇప్పుడు ఓటమి తప్పదని తేలగానే వాడు మిగిలిన నౌకలన్నింటినీ ఒకే ఒక్క గ్రహానికి పిలిపించుకుంటాడు. సంపద ఉన్న గ్రహానికి కాదు, తను మొదట బయలుదేరిన గ్రహానికి. అక్కడి నుంచి కదలడు, సంధి అడగడు. దాన్ని తీసుకోవాలంటే అంతకుముందు ఆకాశమంతా గెలవడానికి పడ్డంత కష్టం పడాలి.

వారం వారం నాకు ఉత్తరాలు వస్తుంటాయి. గెలిచేశాం కదా, ఆ ఒక్క గ్రహం కోసం ఇంత సతాయింపు ఎందుకు, ఆ చివరి భాగం తీసేయండి అని రాస్తారు. మొన్న ఒక పెద్ద సంస్థ వాళ్లు వచ్చి, అదొక్కటి తీసేస్తే ఆటను దేశమంతా తీసుకుపోతామన్నారు. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి, వాళ్లు చెప్పిందంతా విన్నాను. ఉత్తరాలు రాసేవాళ్లందరికీ ఓపిగ్గా జవాబులు రాస్తాను.

ఆ గ్రహాన్ని మాత్రం తీయలేదు. తీయను.