వెలిగించకే తల్లీ

మా మనవరాలు ఇంటర్ చదువుకుంటూ అమలాపురంలో నా దగ్గరే ఉంటోంది. అది కాలేజీకి వెళ్తూ మంచం మీద పడేసిన ఇంగ్లీషు నవల ఒకటి, ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసిన చేతులు ఊరుకోవు కదండీ, మొన్న మధ్యాహ్నం తీసి చదవడం మొదలెట్టేను. మన రోజుల్లో నవలంటే వారపత్రికలో సీరియలు, మహా అయితే అత్తాకోడళ్ళ పేచీ, చివర్లో పెళ్ళి. ఈ కాలం పిల్లలేమో భయాన్ని కొనుక్కుని మరీ చదువుతున్నారు.

ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరుందట. అక్కడ సర్కారు నిప్పుని నిషేధించింది. పొయ్యి లేదు, దీపం లేదు, తిండి పొట్లాల్లో వస్తుంది, సాయంత్రం సైరన్ మోగగానే తలుపులేసుకోవాలి, ఎవరింట్లోనైనా వెలుగు కనిపిస్తే మర్నాటికి ఆ ఇంట్లో మనుషులుండరు. పదహారేళ్ళ పిల్ల ఒకతెకి పాత గోడలో దాచిన అగ్గిపెట్టె దొరుకుతుంది. అది పుల్ల తీసి గియ్యబోయే పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసేను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి విని మనవరాలు ఒకటే నవ్వు. “అదేంటి అమ్మమ్మా, అది వెలిగించాలనే కదా అందరూ కోరుకుంటారు!” కోరుకుంటారేమో. నేను మాత్రం వెలిగించకే తల్లీ, వెలిగించకే అని లోలోపల దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చున్నాను.

దానికి తెలీదు, వాళ్ళమ్మ ఏడాది పిల్లగా నా చంకలో ఉండగా అలాంటి సాయంత్రం ఒకటి నేను నిజంగానే చూసేను.

అప్పట్లో మేం తాటిపాక అవతల ఒక పల్లెలో ఉండేవాళ్ళం. కొబ్బరితోటల్లోంచి గ్యాసు గొట్టాలు వేసిన కొత్తరోజులవి. మావారు పనిమీద కాకినాడ వెళ్ళేరు, ఇంట్లో నేనూ, మా అత్తగారూ, పిల్లా. నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పెరటి తోట వెనకనించి వంద పాములు ఒక్కసారి బుసకొట్టినట్టు చప్పుడు. కాసేపటికే పంచాయతీ రిక్షా మైకు పెట్టుకుని వచ్చింది. గొట్టం పగిలిందనీ, పొయ్యిలు వెలిగించొద్దనీ, చుట్టలు కాల్చొద్దనీ, కరెంటు స్విచ్చి కూడా ముట్టుకోకుండా ఉన్నపళంగా కాలవ అవతలికి నడిచి వచ్చెయ్యమనీ చెప్పేరు.

పిల్ల గుడ్డలు సంచిలో కుక్కుకుని బయటికి వచ్చేసరికి మా అత్తగారు తీరిగ్గా తులసికోట ముందు కూర్చుని ప్రమిదలో వత్తి సర్దుతున్నారు. మైకు ఆవిడా విన్నారు, చెవుడేమీ లేదు. అయితే ఆవిడ దృష్టిలో నిప్పంటే పొయ్యిలోది, చుట్ట చివర ఉండేది. దీపం నిప్పు కాదు, లక్ష్మీదేవి. అసురసంధ్యవేళ దీపం పెట్టకుండా గడప దాటితే ఇంటికి అరిష్టం, అంచేత పెట్టేసి వెళ్దామని ఆవిడ ఉద్దేశం. కాపరానికొచ్చి నాలుగేళ్ళయినా ఆవిడకి ఎదురు చెప్పి ఎరగను నేను. ఆవిడ అగ్గిపుల్ల పెట్టెకి ఆనించేరు, అంతే, పరుగెత్తుకెళ్ళి చేతుల్లోంచి లాక్కుని పెట్టెతో సహా నీళ్ళ గోలెంలో పడేసేను. ఆవిడ తిట్టలేదు. “లక్ష్మిని నీళ్ళపాలు చేశావే” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

అక్కడితో అయిపోతే నా అంత తెలివైనది లేదని ఈపాటికి పదిమందికీ చెప్పుకుందును. పిల్ల పాలసీసా గదిలో ఉండిపోయిందని మళ్ళీ లోపలికి వెళ్ళేను. మసక కమ్మేసింది, ఏమీ కనపడ్డం లేదు, రోజూ చేసే పనే కదా, చెయ్యి దానంతటదే స్విచ్చి మీదకి పోయింది. నొక్కబోతుంటే వెనకనించి మణికట్టు గట్టిగా దొరకబుచ్చుకున్నారు మా అత్తగారు. “స్విచ్చి ముట్టుకోవద్దన్నారు కదే అమ్మాయ్, చంపేద్దువు పిల్లని!” సీసా వద్దు ఏమీ వద్దని చీకట్లోనే వంతెన దాటేం. దారిపొడుగునా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నాకు నా చెయ్యంటేనే భయం పుట్టి, పిడికిలి బిగించుకుని నడిచేను.

మర్నాటికి గొట్టం బాగుచేసేరు. ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఊళ్ళో ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు కూడా. మా ఇద్దరి మధ్యా ఆ మాట మళ్ళీ రాలేదు గానీ, ఆవిడ దీపం పెట్టేటప్పుడు నన్ను పక్కన నిలబడమనేవారు, నేను లైటు వేసేటప్పుడు ఆవిడ గుమ్మంలోకి వచ్చి చూసేవారు. ఆవిడ పోయేదాకా అలాగే జరిగింది.

మనవరాలి నవలలో చెడ్డవాళ్ళు ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది, వాళ్ళకి యూనిఫారాలు కూడా ఉంటాయి. నన్ను భయపెట్టినవి మాత్రం మా ఇంట్లో చేతులే, ఒకటి భక్తిగా దీపం పెట్టబోయింది, ఇంకోటి ప్రేమగా పాలసీసా తేబోయింది. ఇప్పుడు అన్నీ మీటలే కదండీ, రోజుకి ఎన్నిసార్లు నొక్కుతానో నాకే తెలీదు. నొక్కే ముందు ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతాను. వెనకనించి ఎవరూ పట్టుకోరు.