కిందికి దిగే అరచెయ్యి

పొద్దున కాఫీ కలుపుతుంటే ఫోను వచ్చింది. "మన క్వాయర్ మాస్టారు ప్రభువునందు నిద్రించినారు మా" అంది అవతలి నుంచి పాస్టరుగారి భార్య. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందు పాటే గుర్తొచ్చింది. రేపు సమాధుల తోటలో పాట ఎత్తుకోవాల్సింది నేనే.

రాయపురంలోని మా చిన్న తెలుగు చర్చికి డ్రమ్స్, కీబోర్డు, చప్పట్లు తెచ్చింది ఆయనే. "ఇది ఆరాధనా, కచేరీనా?" అని పెద్దలు ముఖం ముడుచుకుంటే, వాళ్లనే ముందు వరసలో నిలబెట్టి చప్పట్లు నేర్పారు. తాళం తప్పినా ఊరుకునేవారు కానీ, ఊపిరి తీసుకోకుండా మొదలుపెడితే మాత్రం పాట ఆపేసేవారు.

అంత వాయిద్యాల మనిషి, సమాధి దగ్గర ఒక్కటీ ఒప్పుకునేవారు కాదు. "సమాధి కాడ గొంతులే ఉండాల. ఏడ్చేవాళ్లకి మన ఊపిరి వినపడాల" అనేవారు. పాటలో మొదటి మాట నాతో ఎత్తించేవారు. భయపడితే నా శ్రుతి పైకి పోతుంది, చరణం వచ్చేసరికి ఎవరికీ అందదు. అప్పుడాయన పక్కనే నిలబడి, అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించేవారు. "కొంచం దిగు మా, దేవుడికేం చెవుడు లేదు" అని తర్వాత ఆటపట్టించేవారు. ఆఫీసులో నా గొంతు లేచినప్పుడల్లా ఇప్పటికీ ఆ చెయ్యే గుర్తొస్తుంది. ఆ మేలు ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

మర్నాడు తోటలో క్వాయరు ముందు నిలబడ్డాను. ఎదురుగా ఆయన ఉన్న పెట్టె. క్వాయరంతా నావైపే చూస్తోంది. ఎత్తుకున్నాను. మొదటి మాటకే తెలిసిపోయింది, పైకి పోయానని. ఆపితే ఆయన్ని సాగనంపే పాట చెడుతుంది, ఆపకపోతే చరణంలో అందరం చతికిలబడతాం. అలవాటుగా పక్కకు చూశాను. ఎవరూ లేరు.

పెట్టె పక్కన కుర్చీలో ఆయన భార్య ఉన్నారు. ప్రాక్టీసు తొండియార్‌పేటలో వాళ్లింట్లోనే జరిగేది. ఆవిడ మాకు టీ ఇచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చునేవారు. ఏనాడూ గొంతు కలపలేదు. ఇప్పుడు తల వంచుకుని ఏడుస్తున్నారు. ఏడుస్తూనే చెయ్యెత్తి, అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి దించారు.

నేను ఆపేశాను. అందరం ఊపిరి తీసుకున్నాం. మళ్లీ ఎత్తుకున్నాను, ఈసారి కింది నుంచి. చరణం అందింది.

పాట అయ్యేదాకా ఆవిడ అరచెయ్యి పెట్టె మూత మీదే ఉంది.