డి డ్రైవ్‌లోని అమ్మ పాట

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో పాత కంప్యూటర్ బాగుచేయడానికిస్తే, షాపతను "డి డ్రైవ్‌ల మీవేమన్నా ఉన్నయా మేడం?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది, అతని మీద కాదు.

కంప్యూటర్‌కు పాత చీరతో కవరు కుట్టేవాళ్లం, గుర్తుందా? ఆ రోజుల్లోనే తెలంగాణ బంద్‌లకు బస్సులు ఆగిపోతే అమ్మ కొత్తపేటలో మా ఇంట్లోనే ఉండిపోయింది. చిన్నప్పుడు నా తలకు ఆముదం రాస్తూ పాడిన పాటను మళ్లీ పాడించి, రికార్డు చేసి, డి డ్రైవ్‌లో 'అమ్మ' అని పేరుపెట్టి దాచాను. తర్వాత తమ్ముడు కొత్త విండోస్ వేశాడు.

"సి చిన్నగుందక్కా, డి చెరిపేసి అండ్ల కలిపిన."

"అమ్మ పాట ఉండెగదరా!"

"మళ్ల పాడిపియ్యరాదు?"

పాడించేలోపే అమ్మ పోయింది. నాకు పల్లవి ఒక్కటే వచ్చు.

ఇందాక ఫోన్ చేసి తిట్టాను. "ఇంకా గదే పట్టుకున్నవా అక్కా?" అన్నాడు.

"చరణాలు నువ్వు పాడు, వదిలేస్తా" అన్నాను.

ఫోన్ పెట్టేశాడు.